నా గొంతు, ఆయన పేరు

మా యూనివర్సిటీ దుబాయ్ క్యాంపస్‌లో కింది అంతస్తు లిఫ్టుల పక్కన ఒక గోడ ఉండేది. బ్రిటన్‌లోని అసలు యూనివర్సిటీలో చదివి పేరు తెచ్చుకున్నవాళ్ళవీ, అక్కడ పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నవాళ్ళవీ ఫొటోలు ఆ గోడ నిండా ఉండేవి. ఒక జడ్జి, ఓడలు కట్టిన ఇంజనీరు, ఏదో దేశానికి మంత్రిగా చేసినాయన. వాళ్ళ మధ్యలో నలుపు తెలుపు ఫొటోలో పొట్టి జుట్టు ఆడమనిషి ఒకామె. అక్కడ ఇంజనీరింగ్ చెప్పిన మొదటి మహిళ అని కింద రాసి ఉండేది. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడల్లా ఆమెనే చూసేదాన్ని. చుట్టుపక్కల ఎవరూ లేకపోతే, ఆమె పక్కన ఇంకో ఫొటో పట్టేంత చోటు ఉందా అని కూడా చూసేదాన్ని. ఎవరికీ చెప్పుకోలేని ఆశ అది. నేనూ బ్రిటన్‌లోని ఆ వానల ఊళ్ళోనే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినదాన్ని కదా.

మా డిపార్ట్‌మెంట్ హెడ్డు కూడా అక్కడే చదివాడు, నాకంటే చాలా ఏళ్ళ ముందు. కృష్ణా జిల్లా మనిషి. నేను నిజామాబాద్ దిక్కుదాన్ని. దుబాయ్‌లో ఉద్యోగం ఇప్పించింది ఆయనే. చేరిన కొత్తలో వాళ్ళింట్లో ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. ఆయన భార్య పులిహోర డబ్బాలో పెట్టి మరీ పంపేది. ఆయన నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు, "అమ్మా" అనేవాడు. ఆ పిలుపు విని నేను కరిగిపోయేదాన్ని.

2020 మార్చిలో క్యాంపస్ మూసేశారు. ఆ వారమే ఆయన ఫోన్ చేశాడు.

"ఏమ్మా, పిల్లలు చెట్టుకొకళ్ళు పుట్టకొకళ్ళు అయిపోయారు. నీకు చెప్పడం బాగా వచ్చు కదా, మొత్తం కోర్సు రికార్డు చేసి పెట్టెయ్. ఈ గండం గట్టెక్కించావంటే నిన్ను మర్చిపోనమ్మా."

నేను చెప్పేది స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్. ఇనుమూ కాంక్రీటూ ఎంత బరువుకు ఎంత వంగుతాయి, ఎక్కడ విరుగుతాయి అని చెప్పే సబ్జెక్టు. అప్పుడు నేను ఇంటర్నేషనల్ సిటీలో, ఇంగ్లండ్ క్లస్టర్ అని పిలిచే బిల్డింగుల్లో ఒక గది ఫ్లాట్‌లో ఉండేదాన్ని. మా ఆయన ఖోర్ ఫక్కాన్ పోర్టులో క్రేన్ల మెయింటెనెన్స్. అక్కడే కంపెనీ రూములో ఉండి వారానికోసారి వచ్చేవాడు. కోవిడ్‌తో ఆ రాకా ఆగిపోయింది. నేను ఒక్కదాన్నే మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పాఠాలు చెప్పాను. ఏసీ చప్పుడు మైకులో పడుతోందని ఏసీ ఆపేసి, మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని చెప్పాను. మా ఆయన పోర్టులో క్రేన్లను ఫోన్‌తో వీడియో తీసి పంపేవాడు, ఆ పొడుగాటి చేయి ఎందుకు విరగదో వాటిని చూపించి చెప్పేదాన్ని. అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో గ్యారేజీలో పనిచేసే మా మేనబావ విరిగిన లారీ యాక్సిల్ ఫొటోలు పంపాడు. ఏ పుస్తకంలోనూ లేని ఉదాహరణలు అవి.

ప్రతి పాఠాన్నీ ఒకే మాటతో మొదలుపెట్టేదాన్ని. "ముందు బరువు ఎక్కడ పడుతోందో చూద్దాం" అని, ఇంగ్లీషులో. అది నాకు క్లాసులో ఉన్న అలవాటే. ఒక పాఠం మధ్యలో పప్పు పెట్టిన సంగతి మర్చిపోయాను. కుక్కర్ కూత పెట్టింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక, నవ్వి, "క్షమించండి, ఇది కూడా ప్రెజర్ గురించే" అనేసి సాగిపోయాను.

కోర్సు మొత్తం అప్పజెప్పాను. ఎండాకాలం ముదిరాక ఒకరోజు మా హెడ్డు వీడియో కాల్‌లోకి రమ్మన్నాడు. మెచ్చుకుంటాడనుకుని మంచి కుర్తా వేసుకుని కూర్చున్నాను.

"నీ కాంట్రాక్టు పొడిగించట్లేదమ్మా. పైవాళ్ళ నిర్ణయం, బ్రిటన్ నుంచి వచ్చింది. నేను ఎంత చెప్పినా వినలేదు."

"మరి నా పాఠాలు సార్?"

"అవి యూనివర్సిటీవి కదమ్మా. నువ్వు జీతం తీసుకునే చేశావు కదా."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిచ్చిదాన్ని, నేనే ఆయన్ని ఓదార్చాను. వీసా క్యాన్సిల్ చేసి మా ఆయన వీసా మీదికి మారాను. ఒక ట్యూషన్ సెంటర్‌లో ప్లస్‌టూ పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. కాలేజీలు ఒక్కటీ ఇంటర్వ్యూకి పిలవలేదు. ఆ రోజుల్లో ఎవరి మీదా కోపం లేదు. కాలమే అట్లా ఉందనుకున్నాను.

రెండేళ్ళ తర్వాత సంగతి. మా క్లస్టర్ కింద సూపర్‌మార్కెట్‌లో కరివేపాకు వాడిపోయిందని మలయాళీ కుర్రాడితో ఇంగ్లీషులో వాదిస్తున్నాను. పక్కన ట్రాలీ పట్టుకున్న అమ్మాయి ఒకతె నన్నే చూస్తోంది. హిజాబ్, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. నేను బిల్లు కట్టి బయటికొస్తే వెనకే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మేడమ్, మీరు తెలుగా? సంచి మీద తెలుగు చూసినా. మేడమ్, ఏమనుకోవద్దు, ఒక్కసారి 'ముందు బరువు ఎక్కడ పడుతోందో చూద్దాం' అనండి. ఇంగ్లీషులో."

నాకు అర్థం కాలేదు. అన్నాను.

ఆ పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "వల్లా, ఒట్టు, మీరే! మా కుక్కర్ మేడమ్!"

కడప నుంచి వచ్చి షార్జాలో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. మా క్యాంపస్‌లోనే ఇంజనీరింగ్ చదువుతోంది. నా పాఠాలు ఆ ఏడూ, అంతకు ముందు ఏడూ విద్యార్థులందరికీ వేశారట. వీడియోలో మనిషి కనపడదు, స్లయిడ్లూ గొంతూ మాత్రమే. కుక్కర్ కూతను తీసేశారు కానీ నేను నవ్వి అన్న మాటను తీయడం మర్చిపోయారట. ఏ ప్రెజర్ అని పిల్లలు ఊహించి ఊహించి, చివరికి కుక్కర్ అని తేల్చారట.

అక్కడే మెట్ల మీద కూర్చుని తన ఫోన్‌లో ఒక పాఠం పెట్టింది. మొదట మా హెడ్డు కనిపించాడు. కోటు, టై. "నేను రూపొందించిన ఈ కోర్సుకు స్వాగతం" అన్నాడు. తర్వాత నా గొంతు మొదలైంది. ప్రతి స్లయిడ్ కింద ఆయన పేరు. మా ఆయన తీసిన క్రేన్ కిందా, మా బావ పంపిన యాక్సిల్ కిందా ఆయన పేరే.

"మరి ఈ గొంతు ఎవరిదనుకున్నారమ్మా మీరు?"

"సార్ రాసిచ్చింది ఎవరో వాయిస్ ఆర్టిస్ట్ చదివిందని చెప్పినారు మేడమ్. కూలికి చదివే ఆమె అని." చివరి మాట నోరు జారిందని తెలిసి ఆ పిల్ల తల దించుకుంది.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటారు చూడండి, అది సామెతగా ఎన్నోసార్లు విన్నాను. ఆ రోజు అక్షరాలా నా గొంతే. ఉద్యోగం పోయినప్పుడు ఏడవలేదు, ఆ మెట్ల మీద కూడా ఏడవలేదు. ఒళ్ళంతా మంట. రాత్రికి మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను.

"నీ నోట్లకెళ్ళి మాట గుంజుకుని నిన్నే బయటికి నూకిండా వాడు?" అన్నాడు. ఆ వెంటనే "కంప్లెయింట్ పెట్టు" అన్నాడు.

పెట్టాను. బ్రిటన్ నుంచి చాలా మర్యాదగా జవాబు వచ్చింది. రికార్డింగుల మీద హక్కులు సంస్థవేననీ, నా సేవలకు కృతజ్ఞతలనీ. ఆ మర్యాద చదివాక కోపం ఇంకా గట్టిపడింది.

అయినా ఆయనకు ఒక్క అవకాశం ఇవ్వాలనిపించింది. అపాయింట్‌మెంట్ తీసుకుని క్యాంపస్‌కు వెళ్ళాను. లేచి నిలబడి ఆహ్వానించాడు, టీ తెప్పించాడు. నేను సూటిగా అడిగాను.

"నా పాఠాల మీద మీ పేరెందుకు సార్?"

ఆయన ఏమాత్రం తొణకలేదు. "పాఠం నీదేంటమ్మా? దూలం వంగుతుందని నువ్వు కనిపెట్టావా? సబ్జెక్టు అందరిదీ. గొంతొక్కటే నీది."

"గొంతయినా నాదని చెప్పొచ్చు కదా."

"చూడమ్మా, వంట చేసుకుంటూ చెప్పిన పాఠాలవి. ఆ కుక్కర్ గోల తీయించేసరికి మా టెక్నీషియన్‌కి తలప్రాణం తోకకొచ్చింది. దాన్నొక కోర్సుగా నిలబెట్టింది నేను. మనం మనం తెలుగువాళ్ళం, ఇంత చిన్నదానికి రచ్చ ఎందుకు చెప్పు? టీ తాగు, చల్లారిపోతోంది."

టీ తాగలేదు. కిందికొచ్చి లిఫ్టుల దగ్గర నిలబడితే, గోడ మీద ఆ నలుపు తెలుపు ఆమె పక్కన కొత్తగా మేకులు కొట్టి ఉన్నాయి. రిసెప్షన్‌లో అడిగాను. బోధనలో బ్రిటన్ యూనివర్సిటీ ఇచ్చే పెద్ద అవార్డు ఈ ఏడు మా హెడ్డుకే వచ్చిందట. పూర్వ విద్యార్థుల సభలో ఇస్తారట, ఆ తర్వాత ఫొటో పెడతారట. ఏ పనికి అవార్డు అని అడిగితే, కోవిడ్ కాలంలో తయారుచేసిన కోర్సుకే అన్నారు.

ఆ మేకుల ముందు నిలబడే నిర్ణయించుకున్నాను. న్యాయం కావాలనుకున్నానని ఇప్పుడు చెబితే అది అబద్ధం. ఆయన నలుగురి ముందూ తల వంచుకోవాలనుకున్నాను. అది నా కళ్ళతో చూడాలనుకున్నాను.

పూర్వ విద్యార్థిని కాబట్టి సభకు ఆహ్వానం నాకూ ఉంది. అంతకు ముందు ఏడాదులవి తెరవకుండానే తీసేసేదాన్ని, ఈసారి వస్తానని జవాబిచ్చాను. షార్జా పిల్లకు ఫోన్ చేసి, "మీ క్లాసువాళ్ళు ఎంతమంది వస్తే అంతమందిని తీసుకురా, మీ సార్‌కి సన్మానం కదా" అన్నాను. ఆ పిల్ల తెలివైనది, ఎందుకని అడగలేదు.

మా ఆయన సెలవు పెట్టి ఖోర్ ఫక్కాన్ నుంచి వచ్చాడు. నేను చీర కట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"పోయి ఏం జేస్తవే?"

"మాట్లాడ్త."

"గంతేనా?"

"గంతే. ఆయనకు గదే సాలు."

శనివారం మధ్యాహ్నం, క్యాంపస్ ఆడిటోరియం. ముందు వరసల్లో బ్రిటన్ నుంచి వచ్చిన పెద్దలు, దుబాయ్‌లో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులు. మా హెడ్డు భార్య మొదటి వరసలో పట్టుచీరలో కూర్చుంది. నన్ను చూసి నవ్వి చేయి ఊపింది. నేనూ ఊపాను. వెనక వరసల నిండా విద్యార్థులు. మా ఆయన నా పక్కన, పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కాలో.

యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన అవార్డు ఇచ్చాడు. మా హెడ్డు మాట్లాడాడు. ఆ కష్టకాలంలో రాత్రింబవళ్ళు కూర్చుని ఒక్కో పాఠాన్ని ఎలా చెక్కాడో చెప్పాడు. ఖోర్ ఫక్కాన్ క్రేన్ల ఉదాహరణ తనకెలా తట్టిందో కూడా చెప్పాడు. మా ఆయన చేయి నా చేతి మీద బిగుసుకుంది. "నా క్రేన్లు గవి" అన్నాడు గొణుగుతూ.

ప్రశ్నలకు సమయం ఇచ్చారు. చేయెత్తాను. మైకు తెచ్చి ఇచ్చారు. మా హెడ్డు నన్ను చూశాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ చేయి పోడియం అంచును పట్టుకుంది. అది చూసి నా లోపల ఏదో చల్లగా సర్దుకుంది. తొందర పడలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని, పాఠం మొదలుపెట్టే గొంతుతో, అదే నిదానంతో అన్నాను.

"నమస్కారం. ముందు బరువు ఎక్కడ పడుతోందో చూద్దాం."

వెనక నుంచి ఎవరో గట్టిగా నవ్వారు, ఆశ్చర్యంతో. కుర్చీలు కదిలాయి. "కుక్కర్ మేడమ్!" అని ఒకరు అరిచారు. ఒక వరస చప్పట్లు కొట్టింది, తర్వాత వెనక సగం హాలూ కొట్టింది. వాళ్ళు రెండేళ్ళు చెవిలో పెట్టుకుని విన్న గొంతు అది. పరీక్షల ముందు బస్సుల్లో, మెట్రోలో విన్న గొంతు. ఎవరూ వాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు.

బ్రిటన్ పెద్దాయన ఏమీ అర్థంకాక నవ్వుతూ అడిగాడు. "విద్యార్థులకు మీరు బాగా తెలిసినట్టుందే?"

"రెండేళ్ళుగా నా పాఠాలు వింటున్నారు సార్. మనిషిని చూడడం ఇవాళే. ప్రొఫెసర్ గారికి నాది ఒకటే ప్రశ్న. ఆ పాఠాలు చెప్పింది ఎవరు?"

మా హెడ్డు గొంతు సవరించుకున్నాడు. "ఒక పాత సహోద్యోగి సాయం..."

"ఆమె పేరు?"

"ఇది మనం తర్వాత విడిగా మాట్లాడుకుందాం."

"పేరు సార్" అని వెనక నుంచి ఒక ఆడపిల్ల గొంతు. షార్జా పిల్లదే. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. "పేరు, పేరు" అని హాలంతా అందుకుంది. పెద్దాయన ముఖంలో నవ్వు పోయింది. ఆయనా మా హెడ్డు వైపు తిరిగి జవాబు కోసం చూశాడు.

అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట నా పేరు రావడం అదే మొదటిసారి. మైకులో సరిగ్గా వినపడలేదు.

"వినపడలేదు సార్" అన్నాను.

మళ్ళీ చెప్పించాను. అక్కడితో ఆపేసి కూర్చోవచ్చు. మొదటి వరసలో ఆయన భార్య ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చుంది, చెవుల దాకా ఎర్రబడి. ఆమె పెట్టిన అన్నం నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఆగలేదు. "ఖోర్ ఫక్కాన్ క్రేన్ల ఆలోచన ఎవరిది సార్?" అని అడిగాను. "విరిగిన యాక్సిల్ ఎవరు పంపారు సార్?" అని అడిగాను. ఆయన నీళ్ళ గ్లాసు అందుకుంటే, తాగే దాకా ఆగి మళ్ళీ అడిగాను. చివరికి పెద్దాయనే లేచి సభ ముగించాడు. మా హెడ్డు అవార్డును పోడియం మీదే మర్చిపోయి దిగాడు.

"మంచిగనే కడిగినవ్ గని, నాకే బయమైంది" అన్నాడు మా ఆయన కారులో. నేను ఆ రోజు కడుపు నిండా తిని హాయిగా నిద్రపోయాను.

తర్వాత విచారణ జరిగింది. ఈసారి మర్యాద ఉత్తరం కాదు, మనుషులే మాట్లాడారు. విద్యార్థులు అర్జీ రాసి సంతకాలు పెట్టి పంపారట. వీడియోల ముందు ఆయన స్వాగతం తీసేసి నా పేరు వేశారు. అవార్డును వెనక్కి తీసుకున్నారని బయటికి చెప్పలేదు కానీ గోడ మీద ఆయన ఫొటో ఎక్కలేదు. ఆ మేకులకు ఒక పాత గణిత అధ్యాపకుడి ఫొటో తగిలించారని షార్జా పిల్ల చెప్పింది. హెడ్డు పదవి పోయింది. ఏడాది తిరక్కుండానే ఉద్యోగమూ వదిలేశాడు. నన్ను మళ్ళీ రమ్మని పిలిచారు. రానన్నాను. షార్జాలో ఇంకో కాలేజీ ఈలోగా ఇంటర్వ్యూకి పిలిచింది. ఇంటర్వ్యూ చేసినామె ఆ సభ గురించి విని ఉంది. ఆ కథ మొత్తం నా నోట విన్నాకే సబ్జెక్టులో ప్రశ్నలు వేసి, ఉద్యోగం ఇచ్చింది.

కిందటేడు మా పాత హెడ్డు ఫోన్ చేశాడు. నేను ఖోర్ ఫక్కాన్ వెళ్ళి ఉన్నాను, మా ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళ. విజయవాడ దగ్గర ఒక కాలేజీలో ప్రిన్సిపాల్ పోస్టు వచ్చేట్టుందట. వాళ్ళు ఇక్కడి సంగతి విని అడుగుతున్నారట.

"అదంతా అపార్థమని నువ్వు నాలుగు ముక్కలు రాసిస్తే చాలమ్మా. నీకు మొదట ఉద్యోగం ఇచ్చింది నేను. మా ఇంట్లో నిన్ను పిల్లలాగా చూసుకున్నాం. మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలోకి రావడం లేదు."

"రాయను సార్."

"కాళ్ళు పట్టుకోమంటావా?"

నేను ఫోన్ పెట్టేయలేదు. ఆయన బతిమాలుతుంటే వినాలనిపించింది, విన్నాను. కోపం తెచ్చుకున్నాడు, మళ్ళీ తగ్గాడు, మళ్ళీ అమ్మా అన్నాడు. చాలాసేపటికి ఆయనే పెట్టేశాడు.

మా ఆయన వచ్చి బీచ్ గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు, చేతులకింకా గ్రీజు వాసన. చెప్పాను.

"పాపం గదనే, పెద్దమనిషి. ఇగ ఇడిసిపెట్టరాదు?"

"నీకు పాపమనిపిస్తే నువ్వు రాసియ్యి."

"నాకు రాయనీకి రాదు గని" అని లేచి ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. "లే, ఆకలైతుంది." మేమిద్దరం పోర్టు రోడ్డు మీది హోటల్‌కు చేప తినడానికి నడిచాం.